బుధవారం చాయ్: ఒంటరి పెద్దలతో ఒక ఏడాది
(సొసైటీ వార్షిక సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

జకాత్ లెక్కలు, విద్యార్థుల స్కాలర్‌షిప్పులు, కుట్టు మిషన్ల పంపిణీ గురించిన నివేదిక ఇప్పుడే విన్నారు. మాకు అప్పగించిన విషయం చిన్నది. ఖర్చుల పట్టికలో అది ఒక్క పంక్తి: 'చాయ్, ఆటో చార్జీలు'. ఆ ఒక్క పంక్తి గురించి మాట్లాడడానికి పదిహేను నిమిషాలు ఎందుకని మాలో కొందరే అడిగారు. విన్న తర్వాత మీరే చెప్పండి.

మన కడప నుంచి, రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్‌కు పోయినవాళ్లు లేని ముస్లిం వీధి లేదు. ముస్లిం వీధి అనే మాట కూడా సరికాదు, అన్ని కులాల వాళ్లూ పోయినారు. డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇళ్లలో పనికి, దుకాణాల్లోకి పోయినారు. వాళ్లు పంపిన డబ్బుతో మట్టి మిద్దెలు పోయి రెండంతస్తుల ఇళ్లు లేచినాయి. ఆ రెండంతస్తుల్లో ఇప్పుడు ఒక్క ముసలమ్మ ఉంటుంది. కింద ఒక గదిలో దీపం, మిగతా ఇల్లంతా తాళం. ఆమెకు తిండికి లోటు లేదు, మందులకు లోటు లేదు. కొడుకు నెలనెలా పంపుతాడు. ఆమెను పేదరాలు అనలేం, జకాత్ జాబితాలో చేర్చలేం. అందుకే ఇన్నేళ్లుగా మన సొసైటీ కంటికి ఆమె ఆనలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు. వాళ్ల కోసం 2007లో చట్టం వచ్చింది. పోషించని పిల్లల మీద ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4000 రూపాయలైంది, ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తున్నారు. 14567 అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఇవన్నీ మంచివే, ఇక్కడున్న పెద్దలు ఆ నంబరు రాసిపెట్టుకోండి. కానీ 'మా అమ్మతో రోజూ పది నిమిషాలు మాట్లాడండి' అని ఏ ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇస్తుంది?

ఈ ఆలోచన మాకు సొంతంగా వచ్చింది కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాం. ఇంగ్లండులో స్థిరపడిన మన ఊరి బంధువు ఒకాయన సెలవుల్లో వచ్చినప్పుడు అక్కడి పద్ధతి చెప్పినారు. అక్కడ కాఫీ ఉదయం అని పెడతారట. ఒకరింట్లో కాఫీ, కేకులు పెట్టి ఇరుగుపొరుగును పిలుస్తారు, వచ్చినవాళ్లు తోచినంత డబ్బాలో వేస్తారు, ఆ డబ్బు ఒక మంచి పనికి పోతుంది. క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే మాక్‌మిలన్ సంస్థ 1990లో మొదలుపెట్టిన కాఫీ ఉదయం ఇప్పుడు ఆ దేశమంతా జరుగుతుంది. అంతకన్నా ముందే, 1965లో, ఒంటరి వృద్ధుల కోసం లండన్‌లో ఒక సంస్థ పుట్టింది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం కార్లున్నవాళ్లు పెద్దలను ఎక్కించుకుని వస్తారు, ఇల్లున్నవాళ్లు టీ ఇస్తారు. అంతే పని. 2018లో ఆ దేశం ఒంటరితనం విషయం చూడడానికి ఏకంగా ఒక మంత్రినే పెట్టింది. అది విని మాలో కొందరు నవ్వినారు, 'మనకు ఆ గతి పట్టలేదులే' అని. తల్లిదండ్రులను విసుక్కుని 'ఉఫ్' అని కూడా అనకూడదన్న బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశం మన పిల్లలకు నోటికి వచ్చునని గర్వపడ్డాం. నిజమే, మన పిల్లలు 'ఉఫ్' అనడం లేదు. అనడానికైనా పక్కన ఉండాలి కదా.

మొదటి సభ పెట్టినాం. దాని గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కానీ ఇక్కడ ఇతర ఊళ్ల నుంచి వచ్చిన సంస్థల వాళ్లున్నారు, వాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాం.

ఒక షాదీఖానా తీసుకున్నాం. పెద్ద ఫ్లెక్సీ కట్టినాం. దాని మీద మా కార్యవర్గం అందరి ఫోటోలు ఉన్నాయి, పెద్దలవి ఒక్కటీ లేవు. పదిన్నరకు సభ అన్నాం, పెద్దలు పదికే వచ్చి కూర్చున్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు. ఆయన వచ్చేదాకా చాయ్ ఇవ్వకూడదని ఎవరు నిర్ణయించారో ఇప్పటికీ తేలలేదు. కుర్చీలు వేదిక వైపు వరుసలుగా వేసినాం కాబట్టి ఎవరికీ ఎవరి మొహమూ కనపడలేదు, ముందువాళ్ల వీపులు తప్ప. మైకు హోరుకు చెవులు సరిగా వినపడనివాళ్లు తల పట్టుకున్నారు. మగవాళ్లలో నలుగురైదుగురు మధ్యలో లేచిపోతే, ప్రసంగాలు విసుగొచ్చి పోయినారనుకున్నాం. తర్వాత తెలిసింది, అక్కడి మరుగుదొడ్డి మెట్లు దిగి వెనక్కి పోవాలి, లోపల కింద కూర్చునే రకం. ఆ వయసులో అరగంటకొకసారి లేవాల్సి వస్తుంది, మోకాళ్లు వంగవు. నోరు తెరిచి అడగలేక ఇంటికి పోయినారు. చివర్లో శాలువాలు కప్పి ఫోటోలు తీసుకున్నాం. ఒక ఖాలా శాలువా మడిచి మా చేతికే ఇచ్చి, 'మా ఇంట్లో పెట్టె నిండా ఉన్నాయి బేటా, కప్పుకుని ఎవరికి చూపించేది?' అన్నారు.

ఆ రోజు రాత్రి కూర్చుని తిట్టుకున్నాం. ఇక షాదీఖానా వద్దు, ఇళ్లలోనే పెడదామన్నాం. వరండా, రెండు ఫ్యాన్లు, కింది అంతస్తులో వెస్టర్న్ కమోడ్ ఉన్న ఇల్లయితే చాలు. ఇల్లు చూడబోయినప్పుడు మేము మొదట తెరిచేది బాత్‌రూమ్ తలుపే. ఇంటివాళ్లు మొదట విచిత్రంగా చూసినారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. చేతులున్న కుర్చీలే, లేవడానికి పట్టు దొరకాలి కదా. మైకు లేదు, ముఖ్య అతిథి లేడు. నలభైమందికి రెండు విడతలు ఇవ్వాలంటే ఐదు లీటర్ల పాలు సరిపోతాయి. చక్కెర వేసింది ఒక ఫ్లాస్కు, వేయనిది రెండు ఫ్లాస్కులు. మొదట్లో లెక్క తిరగేసి పోసినాం, తప్పు. బిస్కెట్లు చాయ్‌లో ముంచితే మెత్తబడేవి ఉండాలి. సమోసాలు తెచ్చిన రోజు పళ్లు లేనివాళ్లంతా వాటిని జేబుల్లో, కొంగుల్లో కట్టుకుని మనవళ్లకని పట్టుకుపోయినారు. ఏ మనవళ్లకు? మనవళ్లు కువైట్‌లో ఉన్నారు. పక్కింటి పిల్లలకు ఇచ్చినారట.

రోజు కుదర్చడానికే రెండు నెలలు పట్టింది. జుమా రోజు సెలవు కదా అని మొదట శుక్రవారం పెట్టినాం, ఆరుగురు వచ్చినారు. నమాజు సంగతి మేము చూసుకున్నాం, పదిన్నరకే ముగించేలా. మేము చూసుకోనిది ఇంకొకటుంది. శుక్రవారం కువైట్‌లో సెలవు. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక. పిల్లలు లేచి ఏ క్షణాన వీడియో కాల్ చేస్తారో అని ఆ రోజు పొద్దున్నుంచి ముసలివాళ్లు ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటారు, స్నానానికి పోయినా తలుపు దగ్గర ఫోను పెట్టుకుంటారు. వారం మొత్తం మీద ఆ ఒక్క కాల్ కోసమే బతికేవాళ్లను మేము చాయ్‌కి రమ్మన్నాం! ఒకటో తేదీన పింఛను కోసం ఇల్లు కదలరు. అట్లా వెతికి వెతికి నెలలో రెండో బుధవారానికి వచ్చినాం. వేసవిలో తొమ్మిదికి, మిగతా కాలంలో పదికి. మన కడప ఎండల్లో పదకొండు దాటాక ముసలివాళ్లను రోడ్డు మీదికి తేవడం పాపం.

డబ్బు విషయం ఉలమాలను అడిగి నడుచుకున్నాం. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్‌లో ఎనిమిది వర్గాలుగా చెప్పి ఉంది. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి తాగే చాయ్‌ని ఆ లెక్కలో రాయడానికి లేదు. అందుకని పాలు, బిస్కెట్లు ఆ నెల ఇల్లిచ్చినవాళ్ల ఖర్చు. తలుపు దగ్గర ఒక రేకు డబ్బా పెడతాం, అది నఫిల్ సదఖా. చూడవచ్చిన వ్యాపారులు, ఉద్యోగులు, కాలేజీ పిల్లలు అందులో వేస్తారు. ఆటో చార్జీలు, కళ్లద్దాలు, చెవి మిషను బ్యాటరీలు, చేతికర్రలు అందులోంచే. ఖాతా వేరు, పుస్తకం వేరు, ఎవరైనా చూడవచ్చు.

ఈ డబ్బా దగ్గరే మేము ఇంకొక తప్పు చేసినాం. రెండో నెలలో ఒక అవ్వ పది రూపాయల నాణెం వేయబోతే మా కుర్రాడు ప్రేమగానే చెయ్యి అడ్డం పెట్టి, 'మీకు కాదు అవ్వా, మీరు అతిథులు' అన్నాడు. ఆమె నాణెం కొంగులో ముడివేసుకుని మరుసటి నెల రాలేదు. ఇంటికి పోయి అడిగితే, 'ఊరికే తాగిపోవడానికి నేనేమన్నా అడుక్కునేదాన్నా నాయనా' అన్నది. ఇచ్చే చెయ్యి పైచెయ్యి అన్న అర్థం వచ్చే హదీసును మనం ఎన్ని వేదికల మీద చెప్పలేదు! అది మన చేతుల కోసమే చెప్పినట్టు నడుచుకున్నాం. ఇప్పుడు ఆ డబ్బాను పెద్దల మధ్యలోనే తిప్పుతాం. ఎవరెంత వేసినారో చూడం. బియ్యం ఏరడం, అల్లం దంచడం, కప్పులు అందించడం వాళ్లే చేస్తారు. చాయ్ బాగాలేదని తిట్టే హక్కు కూడా ఇచ్చినాం, దాన్ని ధారాళంగా వాడుకుంటున్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పడానికే ఈ పదిహేను నిమిషాలు అడిగినాం.

అల్మాస్‌పేట నుంచి వచ్చే నానీమా ఒకరు. పేరు వద్దన్నారు, సంగతి మాత్రం చెప్పమన్నారు. కొడుకు కువైట్‌లో, కూతురు రాయచోటిలో. నాలుగో బుధవారం ఆమె రాలేదు. ఆటో అబ్బాయి తొమ్మిదిన్నరకు ఆమె ఇంటి ముందు హారన్ కొట్టినాడు, రెండు నిమిషాలు ఆగినాడు, తలుపు తీయలేదని వచ్చేసినాడు. ఆ సంగతి మాకు చెప్పినాడు కూడా. మాలో ఒకరు, 'కూతురింటికి పోయుంటుంది' అన్నారు. హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా గుణకారం గుర్తు పెట్టి, పక్కన 'రాయచోటి?' అని రాసినాం. ఆ ప్రశ్నార్థకంతో సహా ఆ పేజీ ఇంకా మా దగ్గర ఉంది. తర్వాత చాయ్ తాగినాం, నవ్వుకున్నాం, లెక్క చూసుకున్నాం, ఇళ్లకు పోయినాం.

ఆ తెల్లవారుజామున ఫజర్‌కు వజూ చేస్తూ ఆమె జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఫోను గదిలో అల్మారా మీద చార్జింగులో ఉంది. పాకి పోయి నీళ్ల బిందె దాకా చేరింది, అంతకు మించి కదలలేకపోయింది. బుధవారం, గురువారం అట్లాగే ఉంది. శుక్రవారం కొడుకు కాల్ చేసినాడు, ఎత్తలేదు. నాలుగుసార్లు చేసి, పక్కింటికి చేసినాడు. వాళ్లు గడియ పగలగొట్టినారు.

ఆసుపత్రిలో చూడబోయినప్పుడు మాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆమే మాట్లాడింది. 'ఆటో హారన్ వినపడింది బేటా. అరిచినాను, బయటికి వినపడలేదు. రాలేదని తెలిస్తే మీరే వస్తారులే అనుకున్నా.'

రెండు రోజులు ఆమె మమ్మల్ని నమ్ముకుని పడుకుంది. మేము ప్రశ్నార్థకం పెట్టి కూర్చున్నాం.

ఆ వారం సభ్యుల్లో కొందరు ఇక ఈ పని మానేద్దామన్నారు. మనకు చేతకాదు, రేపు ఎవరైనా చనిపోతే జవాబు ఎవరు చెబుతారు అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మూడు గంటలు వాదించుకున్నాం. చివరికి తేలింది ఏమిటంటే, బుధవారం చాయ్‌లో మేము అతి ముఖ్యమనుకున్నది వచ్చిన నలభైమందిని. నిజానికి చూసుకోవాల్సింది రాని నలుగురిని. చాయ్ లేకపోతే ఆ నలుగురు ఎవరో తెలిసే దారే లేదు.

అప్పటి నుంచి పద్ధతి మారింది. పదిన్నరకు హాజరు మూసేస్తాం. రానివాళ్ల పేర్లు విడిగా ఒక చీటీ మీద రాస్తాం. కాలేజీ పిల్లలు ఆరుగురు బైకుల మీద బయలుదేరుతారు. అసర్ నమాజులోగా ప్రతి పేరునూ కళ్లతో చూసి రావాలి. 'ఊరికి పోయినారట', 'పక్కింటావిడ చెప్పింది' అన్నవి చెల్లవు. ఊరికి పోయి ఉంటే ఆ ఊళ్లో ఉన్న మనిషితో ఫోన్‌లో మాట్లాడి గొంతు వినాలి. మొదటి నెలలోనే ఒక పెద్దాయన చక్కెర పడిపోయి మంచం మీద మగతగా కనిపించినారు. గ్లూకోజు ఇచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారు పిల్లలు. అల్‌హమ్దులిల్లాహ్, ఆయన ఇప్పుడు మూడో కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఆయన గురించే చెబుతున్నామని తెలిసి తల దించుకున్నారు.

నెలకొక బుధవారం సరిపోదు కదా అని మీరు అడుగుతారు. సరిపోదు. అందుకే పెద్దలనే ఇద్దరిద్దరిని జత కలిపినాం. ఫజర్ తర్వాత ఒకరికొకరు మిస్డ్ కాల్ ఇచ్చుకోవాలి. రూపాయి ఖర్చు లేదు. ఏడు దాటినా రాకపోతే మాకు ఫోను. తలుపుకు లోపలి గడియ వద్దు, బయటి నుంచి తాళంచెవితో తీసే తాళం పెట్టించి, ఒక తాళంచెవి పొరుగింట్లో ఉంచమన్నాం. అందరూ ఒప్పుకోలేదు. ఒక చాచా, 'నేను చచ్చినాక తీసుకోండి తాళంచెవి' అంటారు. ఆయన్ని ఇంకా బతిమాలుతున్నాం. ఇద్దత్‌లో ఉన్న ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు బయటికి రారు. మన ఆడవాళ్లే ఫ్లాస్కు పట్టుకుని వాళ్లింటికి పోతారు, అక్కడే చిన్న బుధవారం జరుగుతుంది.

రంజాన్ నెలలో పొద్దుటి చాయ్ ఉండదు, ఇఫ్తార్‌కు అందరిళ్ల నుంచీ పళ్లేలు వస్తాయి, పెద్దల ఇళ్లు కళకళలాడతాయి. మేమూ నిశ్చింతగా ఉన్నాం. పండుగ మరుసటి వారం పోతే వాళ్ల మొహాలు చూడలేకపోయినాం. నెల రోజులు తలుపు తట్టిన చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయినాయి. వచ్చే ఏడాది షవ్వాల్ మొదటి రెండు వారాలు వారానికొక చాయ్ పెట్టాలని నిర్ణయించినాం, ఇన్షా అల్లాహ్.

లెక్కల్లోకి రాని విషయం ఒకటి చెప్పి ముగిస్తాం. ఒక చాచా ఆరు నెలలు వచ్చినారు, ఒక్క మాట మాట్లాడలేదు. దేవుని కడప వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు గారు పక్కన కూర్చుని, 'ఏం సాయిబూ, కువైట్‌లో ఏ రూటు నీది?' అని అడిగినారు. అంతే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆయన అక్కడ డ్రైవరు. బాగ్దాద్ మీదుగా బస్సులో జోర్డాన్ చేరడం, ఎడారి శిబిరంలో నీళ్ల కోసం వరుస, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానం, బొంబాయిలో దిగి నేల ముట్టుకోవడం, అన్నీ రెండు గంటలు చెప్పినారు. లక్షమందికి పైగా మనవాళ్లు ఆ దారిన ఇంటికి చేరిన కథ పుస్తకాల్లో ఉంది. మన వీధిలో దాన్ని మోసుకుని తిరుగుతున్న మనిషిని ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ బుధవారం కోసం ఆగడం లేదు, సాయంత్రాలు ఏడు రోడ్ల దగ్గర కలుసుకుంటున్నారు. మా చాయ్ కంటే అక్కడి చాయ్ బాగుంటుందని మొహం మీదే చెబుతున్నారు.

అల్మాస్‌పేట నానీమా ఆపరేషను తర్వాత వాకర్ పట్టుకుని మళ్లీ వస్తున్నారు. వచ్చిన మొదటి రోజే హాజరు పుస్తకం అడిగి తీసుకున్నారు. ఆమెకు తెలుగు రాయడం రాదు, ఉర్దూలో రాస్తారు. మా కార్యదర్శి గారికి ఉర్దూ చదవడం రాదు. అందుకని ప్రతి బుధవారం పదిన్నరకు ఆయన ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు, ఆమె రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపిస్తారు, ఆయన చీటీ రాసుకుంటారు. చీటీ బైకు పిల్లల చేతికి పోయేదాకా ఆమె రెండో కప్పు ముట్టుకోరు.

బైకున్న పిల్లలు ఇంకా నలుగురు కావాలి. వచ్చే నెల చాయ్‌కి ఇల్లు కూడా ఇంకా కుదరలేదు. సభ ముగిశాక మేము తలుపు దగ్గరే ఉంటాం. వస్సలాం.